ఇంకొక్క టర్న్

సివిలైజేషన్ ఆటలో గెలిచాక ఒక తెర వస్తుంది. ఏ పద్ధతిలో గెలిచారో, ఏ ఏడాదిలో గెలిచారో అందులో ఉంటుంది. దాని కింద ఒక బటన్ ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే "ఇంకొక్క టర్న్" అని. నొక్కితే ఆట ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే సాగుతుంది. గెలుపు ఎలాగూ లెక్కలో పడిపోయింది కాబట్టి ఆ పైన ఓడేదీ లేదు, గెలిచేదీ లేదు. చాలా ఏళ్ళు నేనా బటన్ నొక్కలేదు. గెలిచేశాక ఆడ్డానికేముంటుంది అనుకునేవాణ్ణి.

ఈ ఆట ఆడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. పులిమేకలో, అష్టాచెమ్మాలో లాగే ఇందులోనూ ఒకరి తరవాత ఒకరు తమ వంతు ఆడతారు. క్రీస్తుపూర్వం 4000లో ఒక్క ఊరితో మొదలుపెట్టి, మన కాలం దాకా ఒక రాజ్యాన్ని నడుపుకుంటూ రావాలి. సిడ్ మైయర్ చేసిన మొదటి ఆట 1991లో వచ్చింది. అందులో గెలవడానికి రెండే దారులు. అందర్నీ జయించాలి, లేదా అందరికంటే ముందు ఆల్ఫా సెంటారీకి అంతరిక్ష నౌక పంపాలి. 2001లో వచ్చిన మూడో ఆటలో రాయబారం దారి కూడా పెట్టారు. ఐక్యరాజ్యసమితి కట్టి, ఓటింగులో నెగ్గితే ఆట మనదే. కత్తి దుయ్యకుండా ప్రపంచాన్ని గెలవొచ్చన్నమాట.

నేను ఎక్కువగా ఆడింది 2010లో వచ్చిన ఐదో ఆట. అందులో పెద్ద రాజ్యాలతో పాటు నగర రాజ్యాలని చిన్నచిన్నవి ఉంటాయి. వాటికి గెలవాలన్న కోరిక ఉండదు. బంగారం ఇస్తే మన పలుకుబడి పెరుగుతుంది. అది అరవై దాటి, మిగతావాళ్ళకంటే మనదే ఎక్కువగా ఉంటే ఆ నగరం మన మిత్రుడవుతుంది. ఓటింగు రోజున దాని ఓటు మనకే. అంచేత రాయబారంతో గెలవాలంటే పెద్ద తెలివేం అక్కర్లేదు. ఆటంతా బంగారం పోగేసుకుని, సరిగ్గా ఓటింగుకి ముందు నగరాలన్నిటికీ పంచిపెట్టాలి. ఇది ఆడేవాళ్ళందరికీ తెలిసిన కిటుకే.

2012 వేసవిలో ఈ కిటుకుతో మా తమ్ముణ్ణి వరసగా ఓడించాను. తమ్ముడంటే చిన్నాన్న కొడుకు, నాకన్నా ఐదేళ్ళు చిన్న. మాది శృంగవరపుకోట, మా వైపు అందరూ ఎస్.కోట అనే అంటారు. నేను హైదరాబాద్ నుంచి మోసుకొచ్చిన లాప్‌టాప్ ఒక్కటే మాకు దిక్కు. ఒకే లాప్‌టాప్ మీద వంతులవారీగా ఆడుకునే పద్ధతి ఆటలోనే ఉంది. వాడు ఆడుతున్నంతసేపూ నేను అరుగు మీదికి వెళ్ళి కూర్చోవాలి, నేను ఆడేటప్పుడు వాడు. ఆ ఏడు కరెంటు కోతలు ఎక్కువ, బ్యాటరీ రెండు గంటలు కూడా నిలిచేది కాదు. అంత కష్టపడి వాడు ప్రతిసారీ సైన్యం కట్టేవాడు. సరిహద్దు దాటి వచ్చేవాడు. నేను ఒక ఊరు పోగొట్టుకుని, రెండు పోగొట్టుకుని, బంగారం దాచుకుంటూ కూర్చునేవాణ్ణి. వాడు నా రాజధాని గుమ్మంలో ఉండగా ఓటింగు వచ్చేది, నేను గెలిచేవాణ్ణి.

"అన్నా, నువ్వసలు నాతో ఆడవేటి?" అని ఒకసారి అడిగాడు.

నవ్వేశాను. ఓడినవాడి ఉక్రోషం అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తుంటే, ఆ ఆట గురించి నేను విన్న మాటల్లో అంతకంటే సరైనది లేదు. ఆ గెలుపులో వాడితో నాకు పనే లేదు. వాణ్ణి ఒప్పించక్కర్లేదు, భయపెట్టక్కర్లేదు, వాడికేం కావాలో తెలుసుకోనక్కర్లేదు. వాడి చుట్టూ ఉన్నవాళ్ళని నావైపు తిప్పుకుంటే చాలు. దీన్ని ఆటలో రాయబారం అంటారు. నేను అడగదలుచుకున్న ప్రశ్న అదే. అసలు మనిషితో ఒక్క మాటా మాట్లాడకుండా గెలిస్తే అది రాయబారం ఎలా అవుతుంది?

*

ఈ ప్రశ్న వేసుకోవడానికి ఆటదాకా వెళ్ళక్కర్లేదు. మా జిల్లా చరిత్ర చాలు.

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం గురించి సినిమాగానో కథగానో అందరికీ తెలుసు. విజయనగరం, బొబ్బిలి ఇరుగుపొరుగు సంస్థానాలు. వాళ్ళ మధ్య నీళ్ళ దగ్గర, సరిహద్దుల దగ్గర పాత తగాదాలున్నాయి. ఉత్తర సర్కార్లు అప్పటికి ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్నాయి, నిజాం దగ్గర్నుంచి 1753లో సంపాదించుకున్నారు. బకాయిలు వసూలు చేసుకోవడానికి బుస్సీ సైన్యంతో వచ్చాడు. విజయనగరం రాజు పెద విజయరామరాజు అతనితో స్నేహం కట్టాడు. పొరుగువాడి మీదికి బుస్సీ ఫిరంగుల్ని నడిపించాడు.

ఈ ఎత్తు కూడా సివిలైజేషన్‌లో ఉంది. ఇంకో రాజుకి ఏదైనా ఇచ్చి, మనకి గిట్టనివాడి మీద అతని చేత యుద్ధం ప్రకటింపజేయొచ్చు. మన సైనికుడు ఒక్కడూ కదలడు.

ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఈ యుద్ధం గురించి వివరంగా రాశాడు. బొబ్బిలి వదులుకుంటే వేరేచోట ఇంతకన్నా మంచి భూమి ఇస్తామని బుస్సీ బేరం పెట్టాడట. రంగారావు ఒప్పుకోలేదు. లెక్కప్రకారం చూస్తే మంచి బేరమే. కానీ పొరుగున ఉన్న మనిషి తనతో నేరుగా తేల్చుకోకుండా, ఎక్కణ్ణుంచో వచ్చినవాడి నోటితో "నీ ఇల్లు ఖాళీ చెయ్యి, ఇంకో ఇల్లిస్తాం" అనిపిస్తే ఎవరికైనా ఎలా ఉంటుంది? ఆ తరవాత ఏమైందో తెలిసిందే. కోట పడింది. లోపలున్న ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకుండా కోటలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. రంగారావు చనిపోయాడు.

ఆటైతే గెలుపు తెర అక్కడ వచ్చేది. పెద విజయరామరాజు గెలిచాడు, అదీ రాయబారంతో గెలిచాడు. కానీ బతుకులో ఇంకొక్క టర్న్ మనం నొక్కకపోయినా వచ్చేస్తుంది. మూడు రాత్రులు తిరక్కుండానే బొబ్బిలి మనుషులు అతని డేరాలో దూరి పొడిచి చంపేశారు. మన కథల్లో ఆ పని చేసినవాడు తాండ్ర పాపారాయుడు.

అక్కడితో ఆగినా బావుండేది. తరవాత గద్దెక్కిన ఆనందరాజుకి ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. 1758లో విశాఖపట్నం వాళ్ళ దగ్గర్నుంచి లాక్కుని, ఇంగ్లీషువాళ్ళని రమ్మన్నాడు. క్లైవు బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. ఆ డిసెంబర్లో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడారు, 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కూడా పోయింది. ఇదీ రాయబారమే, చక్కగా పారింది. సరిగ్గా ఆ మిత్రులే, 1794 జులై 10న, పేష్కష్ బకాయి పేరుతో సైన్యాన్ని పంపి పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజుని చంపారు. రమ్మని పిలిచిన ముప్ఫై ఆరేళ్ళకి.

పక్కవాడు శత్రువు, ఆ పక్కవాడు మిత్రుడు అని కౌటిల్యుడి మండల సిద్ధాంతాన్ని మోటుగా చెప్పుకోవచ్చు. ఆ లెక్కకి ఎంత పేరున్నా, అందులో ఒక చిక్కుంది. మధ్యలో ఉన్న పక్కవాణ్ణి తీసేస్తే ఆ పక్కవాడు మన పక్కకే వచ్చేస్తాడు. ఫ్రెంచివాళ్ళు పోయాక విజయనగరానికి అసలైన పొరుగు కంపెనీయే.

పద్మనాభం మా ఊరికి దూరమేం కాదు, అదే గోస్తని నది ఒడ్డున కిందికి ఉంటుంది. చిన్నప్పుడు కొండెక్కి దణ్ణం పెట్టుకుని వచ్చామే గానీ, ఒక పాత ఒప్పందం చివరి టర్న్ ఆ కొండ కిందే జరిగిందని నాకు తోచలేదు.

ఇదంతా చదివి "రాయబారం వద్దు, యుద్ధమే నయం" అంటున్నానని అనుకోకండి. బొబ్బిలి కోటలో కాలిపోయినవాళ్ళని తల్చుకుంటే ఆ మాట ఎవరూ అనలేరు. నేను చెప్పేది వేరు. పెద విజయరామరాజు చేసింది రాయబారంలా కనబడుతుంది, కానీ అందులో మాటలన్నీ బుస్సీతోనే నడిచాయి. రంగారావుకి దక్కింది దాని ఫలితం ఒక్కటే.

*

ఇప్పుడు నా సంగతి.

అరకు వెళ్ళే రోడ్డు పక్కన మా తాత కొన్న మూడెకరాల జీడితోట ఉంది. తాత వీలునామా రాయలేదు. మా నాన్న పోయాక నేను ఉద్యోగానికని హైదరాబాద్‌లో ఉండిపోయాను. ఇరవై ఏళ్ళుగా ఆ తోట చూసుకున్నది చిన్నాన్నే. ముందువైపు బోరు తీయించి, పాత చెట్లు పోయినచోట కొత్తవి వేయించాడు. పిక్కలమ్మిన డబ్బులో మాకు వాటా ఇచ్చింది తక్కువ. ఇది కూడా చెప్పకపోతే ఆయన్ని దేవుణ్ణి చేసినట్టవుతుంది. అమ్మకి ఆ విషయంలో లోపల మంట ఉండేది. ఒక ఏడాది రోడ్డు వెడల్పవుతుందన్న మాట వచ్చింది, భూమి ధర లేచింది. పంచుకుందాం అన్నాను. తలా ఎకరన్నర. రోడ్డువైపు ఎవరిది, వెనకవైపు ఎవరిది అన్నదే ప్రశ్న.

మేనత్తలిద్దరూ భూమి అక్కర్లేదని ఎప్పుడో అన్నారు. కానీ వాళ్ళ సంతకాలు లేకపోతే రిజిస్ట్రేషను జరగదు. అంచేత వాళ్ళ మాటకి బరువుంది. వాళ్ళు కాక ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులు, చిన్నాన్న కాదనలేనివాళ్ళు.

నేనేం చేశానో మీరీపాటికి పోల్చుకునే ఉంటారు. పెద్దత్తకి ఫోన్ చేశాను. ఆవిడ మనవడి ఇంజినీరింగు ఫీజు ఒక టెర్ముకి నేను కట్టాను. మనస్ఫూర్తిగానే కట్టాను, కానీ ఆ నెలలోనే ఎందుకు కట్టానో నాకు తెలుసు. చిన్నత్తకి కళ్ళ ఆపరేషనైతే హైదరాబాద్ తీసుకొచ్చి దగ్గరుండి చేయించాను. పెద్దమనుషుల ఇళ్ళకి వెళ్ళి, నాన్న పేరు చెప్పుకుని, కాఫీ తాగి వచ్చాను. ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఎవర్నీ బెదిరించలేదు. చిన్నాన్న మీద చెడ్డమాట ఒక్కటి కూడా అనలేదు. "నాన్న పోయాక మాకేముంది, రోడ్డువైపు ముక్క ఉంటే అమ్మకి ధైర్యంగా ఉంటుంది" అన్నాను, అంతే. ప్రతి ఫోనూ పెట్టేశాక ఇంకో నగరం నావైపు వచ్చినట్టుండేది.

రెండు నెలల తరవాత చిన్నాన్న ఇంటి అరుగు మీద అందరం కూర్చున్నాం. పెద్దమనుషుల్లో ఒకాయన మొదలుపెట్టాడు. పెద్దత్త అందుకుంది. చిన్నత్త తలూపింది. చిన్నాన్న ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. ఎవరివంక చూస్తే వాళ్ళు పక్కకి చూశారు. నావంక మాత్రం చూడలేదు.

"ఎక్కడెట్టాలిరా సంతకం?" అన్నాడు.

అరగంట పట్టలేదు. వెనక ముక్కకి వెళ్ళడానికి నా ముక్కలోంచి బండి పట్టేంత దారి ఇస్తానని నేనే అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. అది కాగితంలో రాసుకోలేదు, ఇంట్లోవాళ్ళమే కదా అని.

తిరుగుప్రయాణంలో, నిజం చెబుతున్నాను, చాలా గర్వపడ్డాను. మా బంధువుల్లోనే ఇలాంటి తగువులు కోర్టుకెక్కి పదేళ్ళూ పదిహేనేళ్ళూ సాగినవి ఉన్నాయి. కొట్లాటలైనవి ఉన్నాయి. నేను ఒక్క గట్టి మాట లేకుండా ముగించాను.

చిన్నాన్న మానేసింది పెద్దగా ఏం లేదు. నాన్న తద్దినానికి వచ్చాడు, భోంచేశాడు, వెళ్ళిపోయాడు. అంతకుముందు వస్తే రెండు రోజులుండేవాడు. తమ్ముడు ఫోన్ చేస్తే తీస్తాడు, తనంతట తాను చెయ్యడు. రెండేళ్ళ తరవాత ఒక పెళ్ళిలో పిన్ని కనబడింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, కోపమేం లేకుండా, ఏదో పాత సంగతి గుర్తొచ్చినట్టు చెప్పింది.

"ఆ రోజుల్లో మీ చిన్నాన్న నీ ఫోన్ కోసం చూసీవోరు బాబూ. అందరికీ ఫోన్లొస్తన్నాయంట, మనకి రాలేదేటే అని అడిగీవోరు."

అంటే ఆయనకి ముందే తెలుసు. నేను ఎవరెవరితో మాట్లాడుతున్నానో, ఏం మాట్లాడుతున్నానో తెలుసు. ఆయన ఆ రెండు నెలలూ తన వంతు కోసం కూర్చున్నాడు. ఆ వంతు నేను రానివ్వలేదు.

*

ఆ పెళ్ళినుంచి వచ్చాక ఒక రాత్రి నిద్రపట్టక పాత ఆట తీశాను. కంప్యూటరుతోనే ఆడి, ఎప్పటిలాగే ఓటింగుతో గెలిచి, మొదటిసారి ఆ బటన్ నొక్కాను. బంగారం పంచడం ఆపేసి, ఊరికే ఒక్కో టర్నూ తిప్పుతూ చూశాను. పలుకుబడి టర్ను టర్నుకీ కొంచెం కొంచెంగా తరిగిపోతూ ఉంటుంది, ఆట నియమమే అది. కాసేపటికి ఒక నగరం జారిపోయింది. ఇంకాసేపటికి మరొకటి. ఎవరూ తిరగబడలేదు, ఎవరూ తిట్టలేదు. ప్రపంచం నన్ను నాయకుడిగా ఎన్నుకున్న కొన్నాళ్ళకే ఆ ఎన్నుకున్నవాళ్ళలో చాలామంది నాకేం కానివాళ్ళయ్యారు.

1993లో వచ్చిన మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే ఆట ఈ విషయంలో నాకు కాస్త నిజాయితీగా కనబడుతుంది. అందులోనూ ఓటింగుంది. మూడింట రెండొంతుల ఓట్లు వచ్చినవాడు గెలాక్సీకి అధిపతి. కానీ ఓటింగులో ఓడిన ఆటగాడిని ఆట ఒక ప్రశ్న అడుగుతుంది, ఈ తీర్పు నీకు సమ్మతమేనా అని. కాదనొచ్చు. కాదంటే మిగతా అందరితో యుద్ధమే, గెలవడం కష్టమే. అయినా అడిగారు. చిన్నాన్న అరుగు మీద ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగక్కర్లేకుండా చెయ్యడమే కదా నేను రెండు నెలలు పడిన శ్రమంతా.

ఇక్కడ ఒక మాట ఎవరైనా అంటారు, నేనూ నాకు చాలాసార్లు చెప్పుకున్నాను. ముందే ఆయన్ని అడిగితే ఒప్పుకునేవాడా? ఇరవై ఏళ్ళ కష్టం, బోరు, చెట్లు అన్నీ ముందువైపే. కాదనేవాడేమో. అప్పుడేం చేసేవాణ్ణి? కోర్టుకెళ్ళేవాణ్ణా? అమ్మకేం చెప్పేవాణ్ణి? మనుషుల్ని ముందే సర్దుబాటు చేసుకోవడం పెద్దరికంలో భాగం కాదా? పెళ్ళి సంబంధాల దగ్గర్నుంచి పంచాయితీల దాకా మనవాళ్ళు చేసేది అదే కదా?

నిజమే, అవన్నీ నిజాలే. కాదనేవాడేమో. ఆయన "కాదు" అనే మాటని నేను ఎదుర్కోలేకపోయాను, అదీ అసలు సంగతి. ఆ "కాదు" విన్నాక నేను నిజంగా ఏం మాట్లాడాలో, ఎంత వదులుకోవాలో ఆలోచించుకోవాల్సి వచ్చేది. బోరు ఖర్చు ఇస్తాననేవాణ్ణేమో. అడ్డంగా కాకుండా నిలువుగా కోసుకుంటే ఇద్దరికీ రోడ్డు వచ్చేదని అప్పుడు తట్టేదేమో. మూడెకరాలని నిలువుగా పంచొచ్చని ఆ అరుగు మీద ఒక్కరికీ తట్టలేదు. తట్టే అవసరం ఎవరికీ లేకపోయింది, అందరూ ముందే తేల్చుకుని వచ్చారు.

చిన్నప్పుడు మా వైపు తీర్థాల్లో తిరుపతి వెంకట కవుల పద్యనాటకం ఆడితే, రాయబారం ఘట్టం కోసం నాన్న నన్ను నిద్ర లేపేవాడు. పద్యాలు, వన్స్‌మోర్లు. ఆ వయసులో నాకు అది ఓడిపోయిన రాయబారంలా ఉండేది. కృష్ణుడు వస్తాడు, అడుగుతాడు, దుర్యోధనుడు ఒప్పుకోడు, యుద్ధం తప్పదు. మరి ఇంత గొప్ప ఎందుకు దానికి?

ఇప్పుడు ఒకటి కనబడుతోంది. కృష్ణుడు ఎవరి దగ్గరికి వెళ్ళాడు? హస్తినాపురానికి, దుర్యోధనుడున్న సభకి. కాదనగలిగినవాడి ఇంటికే వెళ్ళి, ఎదురుగా నిలబడి అడిగాడు. పాండవుల వైపు నుంచి అయిదూళ్ళైనా చాలన్నారు, అంటే ఎదుటివాడు ఒప్పుకోగలిగేంత చిన్నదిగా చేశారు అడిగేదాన్ని. సభలో కుదరదని తేలాక కర్ణుణ్ణి విడిగా కలిసి పక్కకి లాగబోయిన మాటా నిజమే. కృష్ణుడు అమాయకుడేం కాదు, సామదానభేదదండోపాయాలన్నీ ఎరిగినవాడే. కానీ ఆ వరసలో సామం ముందుంది, భేదం తరవాతుంది. నేను సామాన్ని దాటేసి దానంతోనూ భేదంతోనూ మొదలుపెట్టాను. మొదలుపెట్టడమేంటి, వాటితోనే ముగించాను. రక్తం కారలేదు కాబట్టి దానికి శాంతి అని పేరు పెట్టుకున్నాను.

ఆటని తప్పుపట్టడం లేదు. ఆటకి ముగింపు కావాలి, గెలిచినవాడు కావాలి. నగర రాజ్యాలకి మనసుండదు, కంప్యూటరు రాజు అలిగి తద్దినానికి రాకుండా పోడు. తప్పల్లా ఆ గెలుపు ఎంత శుభ్రంగా ఉందో చూసి, దాన్నే మంచితనం అనుకోవడంలో ఉంది. చేతికి రక్తం అంటలేదన్నది ఒక సంగతి. ఎదుటి మనిషిని మనిషిగా లెక్కలోకి తీసుకున్నామా అన్నది ఇంకో సంగతి. యుద్ధంలో మా తమ్ముడు నన్ను ఎన్నిసార్లు ముట్టడించినా, వాడి ఆటంతా నా చుట్టూనే ఉండేది. నా కొండలెక్కడున్నాయో, నా నదులెక్కడున్నాయో వాడికి తెలుసు. వాడి రాజధాని పేరేంటో కూడా నాకు గుర్తులేదు.

*

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. విశాఖపట్నం నుంచి ఒకాయన నా ముక్క కొంటానంటున్నాడు. ధర బావుంది. అమ్మ ఆరోగ్యానికి డబ్బు అవసరం కూడా ఉంది. ఆయనకి ఒకటే అభ్యంతరం, మధ్యలోంచి పోయే ఆ బండిదారి. "అది కాగితంలో లేదు కదండీ" అన్నాడు మధ్యవర్తి, చాలా మర్యాదగా. లేదు. దారి ఉందని చెప్పగలిగింది ఆరోజు అరుగు మీదున్నవాళ్ళు. అత్తలు నా మాట కాదనరు. పెద్దమనుషుల్లో ఒకాయన పోయాడు, రెండో ఆయనకి నేనంటే అభిమానం. మళ్ళీ ఓట్లన్నీ నావే.

దారి మూసేస్తే చిన్నాన్న తోటకి ఎటునుంచి వెళ్తాడో నాకు తెలీదు. ఆ మధ్యవర్తి ఫోన్ పెట్టేశాక, పాత అలవాటు కొద్దీ, ముందు ఎవరితో మాట్లాడాలా అని ఒక వరస మనసులో తయారైపోయింది. పెద్దత్త, చిన్నత్త, ఆ తరవాత పెద్దమనిషి. ఆ వరసలో మళ్ళీ ఆయన పేరు లేదు.

వచ్చే శనివారం విశాఖలో దిగి కిరండూల్ పాసింజరు ఎక్కుతున్నాను. పొద్దున్నే బయల్దేరుతుంది, ఎస్.కోట స్టేషన్లో దిగి చిన్నాన్న ఇంటికి నడిచే వెళ్ళొచ్చు. ఏం అడగాలో ఇంకా తేల్చుకోలేదు. దారి కాగితం మీద రాయించేస్తాననాలా, తోటంతా మళ్ళీ నిలువుగా కోద్దామనాలా, ఇద్దరం కలిసి అమ్ముదామనాలా? ఆయన అన్నిటికీ కాదనొచ్చు. గుమ్మంలో నిలబెట్టే మాట్లాడొచ్చు. అమ్మకి ఏం చెప్పాలన్నది కూడా మిగిలే ఉంది.

అత్తలకి మాత్రం ఫోన్ చెయ్యలేదు.